గాజుపళ్ళెంలో కేన్సరు గడ్డ

మేట్టుపాళయంలో కొండరైలు ఎక్కి కూనూరు వెళ్ళే మనవారికి అక్కడి పాస్టరు ఇన్‌స్టిట్యూటు తెలియనిది కాదు. 1907లో వెలసిన ఆ సంస్థలో పిచ్చికుక్క కాటుకు మందును పూర్వం గొర్రె మెదడునుంచి తీసేవారు. తరువాత కోతి మూత్రపిండంనుంచి వచ్చిన కణాలను గాజుపాత్రలలో పెంచి, వాటిలో తయారుచేసే పద్ధతి వచ్చింది. కణాలను ఒంటికి వెలుపల బ్రతికించే ఆ విద్యనే కేన్సరు పరిశోధకులు ఎంతదూరం తీసుకుపోయారో ఈ నెల చెప్పదలచాము.

గాజుమీద కణాలు పెనంమీది దోసెలాగ ఒకే పలచని పొరగా పరచుకొంటవి. ఒంట్లోని గడ్డ అలా ఉండదు, ముద్దగా ఉంటుంది. ఆ తేడా ఎంతటిదో మన ఊరి బంగాళాదుంపల మండీలో చూడవచ్చు. నేలమీద పరచిన దుంపలన్నిటికీ గాలి తగులుతుంది. బస్తాలు ఎత్తుగా పేర్చితే నడుమనున్నవి గాలాడక చెడిపోతవి. కణాల ఉండ అర మిల్లీమీటరు ఉన్నా చాలు, ఇదే వరుస. పైకణాలు చురుకుగా పెరుగుతవి. లోపలివి ప్రాణవాయువు చాలక నిద్రపోయినట్లుంటవి. నడిమధ్యవి చచ్చిపోతవి.

ఇక మందుల సంగతి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినాప్టెరిన్‌తో, బోస్టనులో ఫార్బరు డాక్టరు పసిపిల్లల రక్తకేన్సరును కొంతకాలమైనా అణచగలిగినట్లు 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటును నేటికీ వాడుతున్నారు. ఇటువంటి మందులు పెరిగే కణాన్ని పట్టుకొంటవి, నిద్రపోయేదాన్ని వదిలేస్తవి. రక్తంలో తిరిగే కణానికి మందు సులువుగా తగులుతుంది. గడ్డ లోపలికి చేరటమే కష్టం, చేరినా అక్కడి కణం నిద్రలో ఉంటుంది! పలచని పొరమీద ఘనంగా పనిచేసిన మందు రోగి దగ్గర ఓడిపోవటానికి ఇదొక కారణం.

అందుకని ప్రయోగశాలలోనే ఉండలు కట్టటం నేర్చారు. మనం జెల్లీకి వాడే చైనాగ్రాసును గిన్నె అడుగున పూస్తే కణాలు అడుగుకు అంటుకోలేక ఒకదానినొకటి పట్టుకొంటవి. మూతకు వేలాడే బొట్టులోనూ అవి కిందికి జారి ఉండ కడతవి. 2009లో హాలెండులో క్లేవర్సుగారి బృందం ఎలుక పేగుకణాలను మెత్తని జెల్లీలో పెంచి చిన్న పేగుబొమ్మలనే తయారుచేసింది. ఆ తరువాత రోగి గడ్డనుంచే ఇటువంటివి పెంచుతున్నారు. మన దేశంలోనూ 2023లో సవరించిన నిబంధనలు కొత్తమందుల పరీక్షకు ఈ పద్ధతులను అంగీకరించినవి.

“ముందే పరీక్షించి పనిచేసే మందే ఇవ్వరాదా?” అని ఒక సోదరి అడిగారు. ఒక మందు కాకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే మరొకటి అంటూ జుట్టు రాలి, వాంతులతో సొమ్మసిల్లి, గాజులు తాకట్టుపెట్టుకొన్న ఇల్లు అడిగే ప్రశ్న ఇది. 2018లో లండనులో కొద్దిమంది రోగులతో చూశారు. ఉండమీద పనిచేయని మందు రోగికీ పనిచేయలేదు. పనిచేస్తుందన్నది నూటికి 88 వంతులు నిజమైంది. మాకు మొదటిమాటే విలువైనదిగా తోచింది. వృథా అయ్యే మందు ఏదో ముందు తెలిస్తే ఎంత బాధ తప్పుతుంది!

అయితే ఈ ఉండలలో సాధారణంగా రక్తనాళాలుండవు, వ్యాధితో పోరాడే తెల్లకణాలుండవు. పెరగటానికి వారాలు పడుతుంది, కొందరివి పెరగనే పెరగవు. కనుక దీనికోసం డాక్టరు చెప్పిన చికిత్సను ఆపుకోకండి. ఇంకొక సంగతి: పరీక్షకు తీసి ఫార్మలిన్‌లో వేసిన ముక్క ఇందుకు పనికిరాదు, అందులోని కణాలు చచ్చిపోయి ఉంటవి. అవి ప్రాణంతో, చల్లని పోషకద్రవంలో ప్రయోగశాలకు చేరాలి. అడగదలచినవారు ముక్క తీయకముందే డాక్టరును అడగాలి.