అంకె ఒక్కటే తీర్పు కాదు



కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వివాహమైన నాలుగేళ్ళకు నెల తప్పింది. ఆశా కార్యకర్త ఇచ్చిన కిట్టులో రెండు గీతలు కనిపించాయి. ఏలూరులో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌సీజీ 182 అని వచ్చింది. అదే వారం తాడేపల్లిగూడెంలోని ఆడపడుచుకు 900 వచ్చిందట. "బిందెలు మోశావు, అందుకే నీకు తక్కువ వచ్చింది" అన్నారట అత్తగారు. రెండు రోజుల తరువాత మళ్ళీ రమ్మని డాక్టరుగారు చెప్పినా, డబ్బు దండగని ఇంట్లో వెనుకాడుతున్నారట. ఆమెకు వెంటనే జవాబు వ్రాశాము. ఇతర కుటుంబాలకూ ఉపకరిస్తుందని ఆ విషయాన్నే ఇక్కడ వివరిస్తున్నాము.

పిండం గర్భాశయపు గోడకు అంటుకున్న తరువాత, మున్ముందు మాయగా రూపొందే కణాలు ఈ హార్మోనును తయారుచేస్తాయి. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ ఉత్పత్తిని ఆపవద్దని అది తల్లి అండాశయానికి సంకేతం అందిస్తుంది. రక్తంలో సాధారణంగా 5 యూనిట్ల లోపు ఉంటే గర్భం లేదని, 25 దాటితే ఉన్నదని భావిస్తారు. ఈ రెండింటి మధ్య ఉంటే పరీక్ష మళ్ళీ చేయాలి. చివరి బహిష్టు నుంచి లెక్కిస్తే అయిదో వారంలో ఒకరికి వందల్లో, మరొకరికి వేలల్లో ఉండవచ్చు. రెండూ ఆరోగ్యవంతమైన గర్భాలే కావచ్చు. అండం నాలుగు రోజులు ఆలస్యంగా విడుదలైనా అంకె ఎంతో మారిపోతుంది. కనుక వదినా ఆడపడుచుల అంకెలను పోల్చడం తగదు.

కొల్లేటి నీటిమట్టాన్ని ఒక్కసారి చూసి వరద పెరుగుతున్నదో తీస్తున్నదో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ కొలిచి చూడాలి. ఇదీ అంతే. మొదటి అంకె 1500 లోపు ఉన్నప్పుడు 48 గంటలలో కనీసం 49 శాతం పెరగాలని వైద్యులు ఆశిస్తారు. అంటే 182 సుమారు 271కి చేరాలి. అంతకు తగ్గితే ఆశ పూర్తిగా వదులుకోవలసిన పని లేదు గాని, మరో పరీక్ష, స్కానింగు తప్పనిసరి. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే అంకెలలో తేడా రావచ్చు. ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య శిఖరానికి చేరి తరువాత తగ్గడం సహజమే.

రెండో పరీక్షను దండగ అనుకోకూడదనడానికి మరో కారణం ఉన్నది. పిండం గర్భాశయంలో కాక ట్యూబులో పెరిగితే తల్లి ప్రాణానికే ముప్పు. అటువంటప్పుడు కూడా ఒక్కొక్కసారి అంకె సక్రమంగానే పెరుగుతుంది. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, రక్తస్రావం, భుజం చివర నొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగవద్దు. 108కు ఫోను చేయండి. వానాకాలంలో లంకల దారులు మునుగుతాయి. అప్పుడు పరీక్షలు పూర్తయ్యే వరకు ఆమెను పట్టణంలోని బంధువుల ఇంట ఉంచడం మేలు.

తొలి వారాల్లో లోపలి నుంచి చేసే స్కానింగే స్పష్టంగా చూపుతుంది. బిడియంతో నిరాకరించవద్దు. మహిళా డాక్టరును కోరవచ్చు. ఎవరూ దొరకని అవసర సమయంలో పురుష వైద్యుని చికిత్సకు షరీఅత్‌లో అనుమతి ఉన్నదని ఉలమాలు చెబుతారు.

అత్తగార్లకూ భర్తలకూ ఒక మనవి. తొలి నెలల గర్భస్రావాలలో సుమారు సగం పిండపు క్రోమోజోముల లోపం వల్లనే జరుగుతాయి. బిందె మోసిన కోడలిపై నింద వేయడం అన్యాయం. గర్భంలో ఏమున్నదో ఎరిగినవాడు అల్లాహ్. ఆయనపై భారం వేయడమంటే ప్రయత్నం మానుకోవడం కాదు. కోడలిని రెండో పరీక్షకు మీరే వెంటబెట్టుకొని వెళ్ళండి. ఫలితం ఏదైనా, ఆ రోజు ఆమె ఒంటరిగా ఇంటికి తిరిగి రాకూడదు.

అల్లాహ్ మన తల్లులను, బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.