జెనీవా ఖర్చు ఎవరు పెట్టుకోగలరు?

బాలల హక్కుల కమిటీలో 18 మంది నిపుణులు, మహిళలపై వివక్ష నిర్మూలన కమిటీలో 23 మంది. జెనీవాలో కూర్చుని ఒక్కో దేశాన్నీ పిలిచి లెక్క అడగడం వీళ్ల పని. 2014లో మన దేశం ఈ రెండు కమిటీల ముందూ నిలబడి జవాబు చెప్పుకుంది. ఒక్కో దేశం గురించి ప్రభుత్వం పంపే నివేదిక ఒకటి, స్వచ్ఛంద సంస్థలు పంపేవి మరెన్నో. వాటిని చదివి సారం తీసే పనిలో ఐక్యరాజ్యసమితి సిబ్బందికి ఇంటర్న్‌లు చేదోడుగా ఉంటారు. లా చదివే పిల్లలకు అంతకు మించిన బడి లేదు.

కానీ ఆ పనికి జీతం లేదు. రెండు నుంచి ఆరు నెలల పాటు అద్దె, తిండి, బీమా, విమానం టికెట్టు అన్నీ విద్యార్థే భరించాలి. 2015లో డేవిడ్ హైడ్ అనే 22 ఏళ్ల న్యూజిలాండ్ ఇంటర్న్ అక్కడి సరస్సు ఒడ్డున గుడారంలో కాపురం పెడితే లోకమంతా చూసింది. అందరి దృష్టీ పడాలని కావాలనే అలా చేశానని తరవాత అతనే చెప్పాడు. నేనైతే తప్పు పట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇంటర్న్‌లకు భృతి ఇస్తోంది, యూనిసెఫ్ కూడా ఇస్తోంది. ఐక్యరాజ్యసమితి సచివాలయం మాత్రం ఇవ్వదు. పనికి తగిన ప్రతిఫలం మనిషి హక్కని 1948లోనే ప్రకటించింది ఇదే ఐక్యరాజ్యసమితి.

నా బాధంతా ఆ గుడారం దాకా కూడా వెళ్లలేని పిల్లల గురించి. నంద్యాల, గద్వాల వైపు విత్తనపత్తి చేలలో ఏళ్ల తరబడి ఆడపిల్లల చేత క్రాసింగ్ చేయించారు. సాయంత్రం మొగ్గ ఒలవాలి, మర్నాడు పొద్దున్నే దానికి పుప్పొడి అద్దాలి. రెండు పూటలా చేలోనే ఉంటే ఇక బడి ఎక్కడ? 1992లో బాలల హక్కుల ఒడంబడికలో చేరినప్పుడు, పిల్లల పని గురించిన 32వ అధికరణాన్ని క్రమక్రమంగా అమలు చేస్తామని మన ప్రభుత్వం ప్రత్యేకంగా రాసిచ్చింది. ‘క్రమక్రమంగా’ అంటే ఎన్ని పంటకాలాలో ఆ చేలలో పెరిగి లా కాలేజీ దాకా వచ్చిన అమ్మాయికి తెలుసు. ప్రభుత్వ నివేదికలో ఏ వాక్యం దగ్గర ఆగి ప్రశ్నించాలో ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అలాంటి అమ్మాయిని డబ్బు లేదన్న ఒక్క కారణంతో గుమ్మం బయట ఆపితే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, కమిటీ కూడా.

తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద విదేశాల్లో పీజీ చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నారు. ఎంతో మంచి పని. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు అందులో కొంత భాగం చాలు. ఆ మేరకు పథకాన్ని సడలించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ఇలాంటి దారి చూపాలి. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఏటా కనీసం ఒక్కొక్క విద్యార్థి ఖర్చయినా భరించాలి.