ఎవరి దమ్ము ఎవరికి?

మన నల్గొండ, పాలమూరు వైపు ‘దమ్ము’ అనే మాటకు చాలా అర్థాలున్నాయి. బీడీయో సిగరెట్టో ముట్టించి ఒకసారి గట్టిగా పీలిస్తే అది దమ్ము. ఆయాసం జబ్బూ దమ్మే. ‘ముసలాయనకు దమ్ము లేచింది’ అంటే రాత్రంతా మంచం మీద కూచొని ఊపిరి కోసం కొట్లాడాడని అర్థం. ఇక ఎదుటివాడి మొహం మీద ఉన్నమాట అనడానికి కావలసిందీ దమ్మే. ఈ మూడు దమ్ములూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండే చోటు ఒకటుంది. దాని పేరు అపార్ట్‌మెంటు.

కింది ఫ్లాటులో ఒకాయన రాత్రి భోంచేసి, బాల్కనీలోకి వచ్చి దమ్ము కొడతాడు. పై ఫ్లాటులో పిల్లవాడికి దమ్ము లేస్తుంది. వాళ్లమ్మకేమో కిందికి దిగి అడిగే దమ్ము ఉండదు. అద్దెకున్నవాళ్లయితే ఇక చెప్పేదేముంది! ‘నా ఇంట్లో నేను తాగితే మీకేం?’ అంటాడేమో, ఆ మాట ఓనరు దాకా పోతుందేమో, ఇల్లు ఖాళీ చేయమంటారేమో అని భయం. అందుకని కిటికీ మూసేసి, ఫ్యాను వేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని కూచుంటుంది. నెలకు వేలకు వేలు అద్దె కట్టే ఇంట్లో గాలికి కరువు!

వాకిలి పోయి బాల్కనీ వచ్చింది

మన ఊళ్లలో పొగ తాగడం కొత్తేమీ కాదు. అరుగు మీద కూచొని చుట్ట కాల్చని తాతలు ఎంతమంది? తునికాకు బీడీ చెవిలో దోపుకోకుండా పొలం పోని పెద్దమనుషులెంతమంది? గురజాడ వారి గిరీశం చుట్ట మహిమ మీద ఏకంగా పద్యమే చదివాడు. హైదరాబాద్ ఆజమాబాద్‌లో తయారైన చార్మినార్ సిగరెట్టు తెలంగాణ పల్లె పల్లెకూ తెలుసు. అయితే ఆ పొగకు పోవడానికి ఓ దారి ఉండేది. ఇంటి ముందు వాకిలి, వాకిలి మీద ఆకాశం. అది మంచి అలవాటని కాదు. చలికాలం అర్రలో తలుపులు వేసుకొని తాగితే అప్పుడూ ఇంట్లోవాళ్లకు నష్టమే. కానీ పక్కింటివాళ్ల మంచం దాకా అది పోయేది కాదు.

ఇప్పుడు నల్గొండ పట్నంలోనే నాలుగైదు అంతస్తుల బిల్డింగులు లేచాయి. పిల్లల చదువుకనో, ఉద్యోగానికనో హైదరాబాద్ పోయిన మనవాళ్లు ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ దిక్కున ఫ్లాట్లలో ఉంటున్నారు. బస్సు దిగితే ఇంటికి దగ్గర, ఊరికి పోవాలన్నా దగ్గర. సౌకర్యాలన్నీ ఉన్నాయి. వాకిలి ఒక్కటే లేదు. ఒకరి కప్పు ఇంకొకరికి నేల. ఒకరి బాల్కనీ మీదనే ఇంకొకరి బెడ్రూం కిటికీ.

పొగకు తాళం వేయలేం

వేడి గాలి పైకి పోతుందని బడిలో చదువుకున్నాం. అపార్ట్‌మెంటులో బాత్రూముల వెనక పైపుల కోసం కట్టే డక్టు కింది నుంచి పైదాకా నిలబెట్టిన పొగగొట్టం లాంటిది. రెండో అంతస్తు బాత్రూంలో తాగిన సిగరెట్టు పొగ డక్టులోకి పోయి, నాలుగో అంతస్తు వెంటిలేటర్లోంచి లోపలికి వస్తుంది. ‘ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను కదా’ అంటారు కొందరు. ఆ ఫ్యాను పొగను మాయం చేయదు, పక్కవాళ్ల ఇంటికి పంపిస్తుంది. లిఫ్టు గుంత, మెట్లదారి, తలుపు కింది సందు, కరెంటు వైర్ల కోసం గోడకు కొట్టిన రంధ్రాలు, ఇవన్నీ పొగకు దారులే.

ఏసీ ఉంది, తలుపులేసుకుంటే సరిపోతుంది అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇళ్లలో పెట్టుకునే మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. లోపలికి వచ్చిన పొగ లోపలే తిరుగుతుంది. అగరుబత్తి వెలిగిస్తే వాసన మారుతుందే తప్ప పొగ పోదు. పైగా ఇంకో పొగ తోడవుతుంది. కర్టెన్లకు, పరుపులకు, సోఫాలకు పట్టిన వాసన రోజుల తరబడి ఉండిపోతుంది.

సిగరెట్టు పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయనీ, వాటిలో 70 దాకా క్యాన్సర్ కలిగించేవనీ తేలింది. 1981లో జపాన్‌లో హిరయామా అనే శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టాడు. తాము ఎన్నడూ సిగరెట్టు ముట్టకపోయినా, భర్తలు బాగా తాగేవాళ్లయితే ఆ భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని. సిగరెట్ కంపెనీలు ఒప్పుకోలేదు, పెద్ద గొడవే చేశాయి. చివరికి 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది. పక్కవాళ్ల పొగ ఇంత పీలిస్తే ఫర్వాలేదు అనే లెక్క ఏదీ లేదని. పొగ తాగేవాళ్లతో కలిసి ఉండేవాళ్లకు గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువని. గాలి ఆడేలా చేసినా, గాలిని శుభ్రం చేసే యంత్రాలు పెట్టినా ఆ ముప్పు పూర్తిగా పోదనీ అందులోనే ఉంది. ఈ లెక్క ఒకే ఇంట్లో ఉండేవాళ్లది. పై అంతస్తుకు చేరేటప్పటికి పొగ పలచబడే మాట నిజమే. కానీ ఉబ్బసం ఉన్న పిల్లవాడికి ఆ పలచని పొగ చాలు. పిల్లలు పెద్దవాళ్లకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. గర్భిణులు ఆ పొగ పీలిస్తే పుట్టే బిడ్డ బరువు తగ్గవచ్చు.

మన దేశంలో 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో నూటికి 38.7 మంది పెద్దవాళ్లు ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నట్టు తేలింది. అంతకుముందు 2009-10 సర్వేలో ఇది 52.3. తగ్గింది, సంతోషమే. కానీ ఇప్పటికీ తక్కువేమీ కాదు. ఇతరుల పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీళ్లెవరూ దమ్ము కొట్టినవాళ్లు కాదు.

కనపడని విషం మనకు కొత్తా?

నల్గొండ వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో తరాల తరబడి జనం తాగిన బోరు నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి. అందులోని ఫ్లోరైడు కంటికి కనపడలేదు. పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు పోయి, నడుములు వంగిపోయాక గానీ దాని సంగతి అందరికీ అర్థం కాలేదు. ఆ నీళ్లను శుద్ధి చేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో కనిపెట్టిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరొచ్చింది. జబ్బు వల్ల ఒక జిల్లా పేరు ప్రపంచ పుస్తకాలకెక్కడం సంతోషించాల్సిన విషయం కాదు. కానీ ఒక పాఠం మాత్రం ఉంది. కనపడటం లేదు కదా అని విషం విషం కాకుండా పోదు.

తేడా ఒక్కటే. ఫ్లోరైడు నేలలోంచి వచ్చింది. ఎవరిని అడుగుతాం? ఈ పొగ ఒక మనిషి నోట్లోంచి వస్తోంది. అడగవచ్చు. ఆ మనిషి మానుకోనూవచ్చు.

చట్టం గేటు దగ్గరే ఆగుతుందా?

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం తప్పని 1999లో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2001 నవంబరులో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే మాట చెప్పింది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2, గాంధీ జయంతి నుంచి నిబంధనలు గట్టిగా అమల్లోకి వచ్చాయి. ఆఫీసులు, హోటళ్లు, సినిమా హాళ్లు, బస్సులు, ఆస్పత్రుల్లో తాగితే 200 రూపాయల దాకా జరిమానా. ఆర్టీసీ ఎర్రబస్సులో ‘పొగ త్రాగరాదు’ అన్న అక్షరాల కిందనే కూచొని బీడీ కాల్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు బస్సులో ఎవరన్నా అగ్గిపుల్ల గీస్తే అందరూ తిరిగి చూస్తారు. అలవాట్లు మారవని ఎవరన్నారు?

అయితే మనిషి సొంత ఫ్లాటులో తాగితే ఆ చట్టం అడ్డం రాదు. గాలిని పాడుచేస్తే జరిమానా వేసే సెక్షను పాత ఐపీసీలోనే, 278గా, ఉండేది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ అలాంటిది ఉంది. కానీ అది చుట్టుపక్కల జనం మొత్తానికి హాని చేసే పని గురించి. ఒక బాల్కనీ, ఒక సిగరెట్టు పట్టుకొని పోలీస్ స్టేషన్‌కు పోతే ఎస్సై గారు నవ్వి పంపిస్తారు.

బయటి దేశాల్లోనూ ఈ పంచాయితీ ఉంది. జపాన్‌లో ఇంట్లోవాళ్లు ఊరుకోరని రాత్రిపూట బాల్కనీల్లో నిలబడి తాగే మగవాళ్లకు ‘మిణుగురు జాతి’ అని పేరు పెట్టారు. చీకట్లో ఎర్రగా మెరిసే సిగరెట్టు కొసలు చూసి. అలాంటి ఒక మిణుగురు మీద పై అంతస్తు పెద్దావిడ కోర్టుకెక్కింది. 2012లో నగోయా జిల్లా కోర్టు ఆమెకు 50 వేల యెన్‌లు పరిహారం ఇప్పించింది. జర్మనీలో 2015 జనవరిలో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు ఇంకో దారి చూపింది. తాగేవాడికీ హక్కుంది, తాగనివాడికీ హక్కుంది, కాబట్టి బాల్కనీకి వేళలు పంచుకోవచ్చని. సింగపూర్ 2013లో నివాస భవనాల వరండాలు, మెట్లలో పొగను నిషేధించింది. అమెరికా 2018 జులై నుంచి ప్రభుత్వ గృహాల్లో, ఫ్లాటు లోపల కూడా సిగరెట్టు కాల్చొద్దంది.

అడిగే పద్ధతిలో అడిగితే

మనకు అంత దూరం పోనక్కర లేదు. ముందు ఒక్కసారి అడిగి చూడాలి. వాట్సాప్ గ్రూపులో ‘కొందరికి బుద్ధి లేదు’ అని పెడితే పని కాదు, పగ మిగులుతుంది. ఎదురుపడి మాట్లాడితే చాలాసార్లు ఇలా ఉంటుంది:

“అన్నా, ఒక్క మాట. ఏమనుకోవద్దు.”

“చెప్పమ్మా.”

“మా చిన్నోనికి దమ్ము ఉన్నదన్నా. రాత్రి మీరు బాల్కనీల సిగరెట్ తాగితే పొగంత మా బెడ్రూంలకే వస్తున్నది. జర వేరే దిక్కు పోతరా?”

“అయ్యో, పైకి వస్తదా? నాకు ఎరుకనే లేదు. మా పిల్లలకు తగులొద్దనే గదా నేను బాల్కనీలకు పోతున్న!”

ఇందులో అబద్ధం లేదు. తన పిల్లల మీద ప్రేమతోనే ఆయన బయటికి వచ్చాడు. పైన కూడా పిల్లలున్నారని ఎవరూ చెప్పలేదు, అంతే. ‘నీకెందుకు’ అనేవాళ్లు ఉండరని కాదు. ఉంటారు. అలాంటి చోట అసోసియేషన్ పెద్దలు కలగజేసుకోవాలి. అద్దెకున్నామె ఒక్కతే పోరాడాలంటే ఎట్లా? 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, లిఫ్టు, వరండాలు అందరి ఉమ్మడి సొత్తు. వాటిలో పొగ వద్దని జనరల్ బాడీ మీటింగులో ఒక తీర్మానం చేసి లిఫ్టు పక్కన అతికించడానికి ఖర్చేం లేదు. అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చవచ్చు. తాగేవాళ్లకు కిటికీలకు దూరంగా, గాలి ఆడే ఒక మూల చూపించి, ఇసుక నింపిన డబ్బా ఒకటి పెట్టవచ్చు. వద్దన్నప్పుడు ఎక్కడ తాగాలో కూడా చెప్పాలి కదా.

ఆ మూల మాత్రం సెల్లార్ కాకూడదు. ఒకటి, అక్కడ పెట్రోలు నింపిన బండ్లుంటాయి. రెండోది, అసలైనది. ‘పైన ఆడవాళ్లకు ఇబ్బంది, కిందికి పోయి తాగుదాం’ అని మర్యాదస్తులంతా దిగి వచ్చేది వాచ్‌మన్ గది ముందరికే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఆ గదిలో ఉండేది చాలాచోట్ల మన పాలమూరు, నల్గొండ పల్లెల కుటుంబమే. నీళ్లు లేక, పంటలు లేక బతకడానికి వచ్చినవాళ్లు. అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు ఇసుక మోసిందీ అలాంటి పాలమూరు కూలీలే. ఒకే గది, ఒకే కిటికీ, ఆ కిటికీ ముందు నలుగురు సార్లు, నాలుగు సిగరెట్లు. లోపల చాప మీద చంటిపిల్ల. పై అంతస్తు తల్లి కనీసం మీటింగులో అడగగలదేమో. ఈ తల్లి ఎవరిని అడుగుతుంది? ‘సార్, జర అటు పోయి తాగండి’ అంటే తెల్లారి ఆ ఉద్యోగం ఉంటుందా?

తాగేవాళ్లు శత్రువులు కారు. నికోటిన్ పట్టుకుంటే వదిలించుకోవడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. మానాలనుకునేవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది. 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్టు పెట్టెల మీదనే అచ్చువేస్తున్నారు. ఉచితం. మానడం ఇవాళ చేతకాకపోతే, ఎక్కడ తాగాలన్నది మాత్రం చేతిలో పనే.

ఈ ఆదివారం మీ అసోసియేషన్ మీటింగు ఉంటే మెయింటెనెన్స్ బాకీలు, నీళ్ల ట్యాంకరు లెక్కలు అయిపోయాక ఈ ముచ్చట ఒకటి ఎత్తండి. ఎత్తేటప్పుడు వాచ్‌మన్ భార్యను కూడా పిలిచి, ఒక కుర్చీ వేసి కూచోబెట్టి, ‘నీకేమన్నా ఇబ్బంది ఉందా అమ్మా?’ అని అడగండి. ఆమె వెంటనే చెప్పకపోవచ్చు. రెండోసారి కూడా అడగండి.