హద్దులున్న వేగం

వేగమంటే మనిషికి ఏ కాలంలోనైనా మోజే. నలుడు రథం తోలుతుండగా ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడిందనీ, దానిని తెప్పించుకొందామని ఆ రాజు అనేసరికే రథం యోజనం దూరం దాటిపోయిందనీ భారతకథ చెబుతుంది. ఆ కథ విన్నవారెవరూ నలుని అశ్వవిద్యను మెచ్చుకోకుండా ఉండలేరు. అయితే ఆ నలుడే జూదపు పందెంలో రాజ్యాన్ని పోగొట్టుకొన్నవాడు. వేగం ఒక విద్య, పందెం మరొక విద్య. ఈ రెండింటినీ ఒక హద్దులో ఉంచి, పదిమందికీ మేలు కలిగేటట్లు నడపడం మూడవ విద్య. మొదటి రెండింటికంటె ఈ మూడవదే కష్టమైనదని నా అభిప్రాయం.

నేలమీద నిలిచి రేడియో తరంగాలతో నడిపే చిన్న విమానాల పైలాన్ పందేలు ఈ మూడవ విద్యకు చక్కని ఉదాహరణ. మన ఊళ్ళలో పైలాన్ అంటే ఏదో ఒక పథకానికి గుర్తుగా నిలిపే స్మారక స్తంభం. ఈ క్రీడలో పైలాన్ అంటే విమానం చుట్టి రావలసిన మలుపుస్తంభం. అమెరికాలోనూ, ఐరోపాలోనూ, ఆస్ట్రేలియాలోనూ ఈ క్రీడను అభిమానించేవారు క్లబ్బులుగా ఏర్పడి, ఊరి వెలుపల మైదానాలను సంపాదించుకొని, సెలవు దినాలలో అక్కడ పోటీలు నడుపుతారు. ఒక్కనాటి పోటీతో విజేత ఎవరో తేలిపోదు. నెలల తరబడి, ఒక మైదానం తరువాత మరొక మైదానంలో జరిగే పోటీలలో వచ్చిన అంకెలన్నీ కూడితే గాని ఆ యేటి విజేత ఎవరో తెలియదు.

ఈ క్రీడకు మూలం మనుషులెక్కే విమానాల పందేలలో ఉన్నది. 1909 ఆగస్టులో ఫ్రాన్సు దేశంలోని రాన్స్ నగరం వద్ద జరిగిన విమానోత్సవంలో, స్తంభాలతో గుర్తించిన 10 కిలోమీటర్ల మార్గాన్ని రెండుసార్లు చుట్టి గ్లెన్ కర్టిస్ విజేతగా నిలిచాడు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరం తరువాతి కాలంలో ఇటువంటి పందేలకు ప్రసిద్ధి కెక్కింది. అయితే 1949లో అక్కడ ఒక పందెపు విమానం అదుపు తప్పి ఒక ఇంటిమీద కూలింది. పైలట్‌తో పాటు ఆ ఇంటిలోని తల్లీ బిడ్డా మరణించారు. అక్కడి జాతీయ పందేలు దానితో ఆగిపోయాయి. 1964లో రీనో నగరంలో మొదలైన పందేలు 2023 వరకు అక్కడ సాగి, 2025లో రాస్‌వెల్ నగరానికి తరలిపోయాయి. ఇక చిన్న విమానాల సంగతి చూస్తే, వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే సోదరులు 1937లోనే రేడియోతో అదుపు చేయగల విమానాన్ని ఎగురవేశారు. ఆ విమానం నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ సంరక్షణలో ఉన్నది. ఈ రెండు ప్రవాహాలూ కలిసినచోట నమూనా విమానాల పైలాన్ పందెం పుట్టింది.

అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఎఫ్3డి అనే పేరుతో గుర్తించిన తరగతిలో మైదానం ఎలా ఉంటుందో చూద్దాం. మూడు స్తంభాలు ఒక పొడవాటి త్రిభుజంగా ఉంటాయి. దగ్గరి రెండు స్తంభాల నడుమ దూరం 40 మీటర్లు. మూడవది వాటికి 180 మీటర్ల దూరంలో ఉంటుంది. ఒక చుట్టు సుమారు 400 మీటర్లు, పది చుట్లకు 4 కిలోమీటర్లు. అందెవేసిన చేతులు ఈ దూరాన్ని ఒక్క నిమిషంలో పూర్తి చేస్తాయి. నిమిషానికి 4 కిలోమీటర్లంటే గంటకు 240 కిలోమీటర్లు, సెకనుకు సుమారు 67 మీటర్లు. నిజానికి స్తంభాలను ఆనుకొని ఏ విమానమూ తిరగలేదు కాబట్టి, అది పోయే దారి ఇంకా పొడవు, దాని వేగం ఇంకా ఎక్కువ. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఆ వేగంతో 20 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిరిగితే, విమానం మీద పడే భారం దాని బరువుకు ఇరవై రెట్లు మించుతుంది. రెండు కిలోల విమానంలో ఆ క్షణాన ఉండే గతిశక్తి, అరవై కిలోల మనిషిని ఏడు మీటర్లకు పైగా ఎత్తడానికి చాలుతుంది. దీనిని ఇంకెవరూ బొమ్మ అనరు. ఈ క్రీడలో పోటీ మైదానం లోపల నిలిచేవారు శిరస్త్రాణం ధరించాలని నియమం పెట్టడానికి కారణం ఇదే.

అంత వేగంలో దూరపు స్తంభాన్ని విమానం దాటిందో లేదో నేలమీది పైలట్ కన్ను కచ్చితంగా చెప్పలేదు. మనిషి చూసి స్పందించడానికి సెకనులో అయిదవ వంతు పడితే, ఆ వ్యవధిలోనే విమానం 13 మీటర్లు పోతుంది. అందువల్ల పైలట్ పక్కన మరొకరు నిలుస్తారు. స్తంభం వద్ద నుంచి వచ్చే జెండానో దీపాన్నో గమనించి, ఎప్పుడు తిరగాలో, పక్క విమానం ఎక్కడున్నదో చెబుతూ ఉండడం ఆయన పని. మన పురాణభాషలో చెప్పాలంటే పైలట్ రథి, ఆయన సారథి. సారథి విలువ ఎంతటిదో భారతం చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అర్జునునికి కృష్ణుడు దొరికాడు, కర్ణునికి శల్యుడు దొరికాడు. శల్యుడు రథం తోలడంలో ఎవరికీ తీసిపోయినవాడు కాదు. అతని నోటినుండి వచ్చిన మాటలే కర్ణుని సగం ఓడించాయి. పోటీలో గెలిచినవాని పేరు మాత్రమే ఫలకం మీదికి ఎక్కుతుంది. ఆ గెలుపులో సగం, పక్కన నిలిచి సరియైన క్షణాన సరియైన మాట చెప్పినవానిది.

మరొక విశేషం గమనించదగినది. స్తంభానికి లోపలివైపుగా మలుపు తిరిగితే అది తప్పు. ఒకసారి తప్పితే శిక్ష పడుతుంది. రెండవసారి తప్పితే ఆ పరుగు ఫలితమే పోతుంది. ఈ తప్పును పట్టేవారు ఎవరు? క్లబ్బు స్థాయి పోటీలలో జీతమిచ్చి తెచ్చుకొన్న న్యాయనిర్ణేతలు సాధారణంగా ఉండరు. ఇప్పుడు విమానం నడిపి వచ్చినవాడే తరువాతి పరుగులో జెండా పట్టుకొని స్తంభం వద్ద నిలుస్తాడు. మరొకడు చుట్లు లెక్కపెడతాడు, ఇంకొకడు కాలం చూస్తాడు. అంటే ఎవనితో తలపడ్డాడో వాని గెలుపోటముల మీదనే తీర్పు చెప్పవలసి వస్తుంది. కద్రువ వినతతో పందెం వేసి, తెల్లని గుర్రపు తోకకు నల్లని పాములను వేలాడదీయించింది. పందెం గెలిచింది గాని, ఆ గెలుపు ఆమె వంశానికి తరతరాల పగను మిగిల్చింది. దూరపు స్తంభం వద్ద జెండా పట్టుకొన్న మనిషి అబద్ధం చెబితే ఆనాటికి ఎవరికీ తెలియకపోవచ్చు. కాని ఆ మైదానానికి మళ్ళీ ఎవరూ రారు. ఈ క్రీడకు పునాది ఇంజన్ల శక్తి అని చాలామంది అనుకొంటారు. జెండా పట్టుకొన్నవాని నిజాయితీయే పునాది అని నేనంటాను.

అంకెలు వేసే పద్ధతిలో కూడా ఒక నీతి ఉన్నది. అమెరికా క్లబ్బులలో సాధారణంగా నలుగురు కలిసి ఒక పరుగులో పాల్గొంటారు. మొదటివానికి నాలుగు, తరువాతివారికి వరుసగా మూడు, రెండు, ఒకటి. పరుగు పూర్తి చేయలేనివానికి సున్న. పది పరుగులలో ఆరింట గెలిచి, నాలుగింట విమానాన్ని పోగొట్టుకొన్నవానికి 24 వస్తాయి. ఒక్కటీ గెలవకుండా పదింటిలోనూ రెండవవానిగా నిలిచినవానికి 30 వస్తాయి. ఒక్కనాటి మెరుపుకంటె ఏడాది పొడవునా నిలకడగా సాగిన సాధనకే ఇక్కడ విలువ ఎక్కువ.

ఇక అసలు వివాదానికి వద్దాం. ప్రతి పందెంలోనూ ఒక రోగం దాగి ఉంటుంది. ఈ ఏడు ఒకడు ఖరీదైన ఇంజన్ తెస్తాడు. వచ్చే ఏడు మిగిలినవారూ తేవలసి వస్తుంది. కొనలేనివారు మెల్లగా తప్పుకొంటారు. కొత్తగా రావాలనుకొన్న కుర్రవాడు గంటకు మూడు వందల కిలోమీటర్ల విమానాన్ని చూసి దూరం నుంచే దండం పెట్టి వెళ్ళిపోతాడు. చివరకు మైదానంలో మిగిలేది నలుగురు నిపుణులు, ఖాళీ కుర్చీలు. ఈ రోగానికి మందుగానే 1970 దశకంలో క్వికీ 500 అనే తరగతి పుట్టింది. రెక్క వైశాల్యం 500 చదరపు అంగుళాలకు తగ్గరాదు. ఆకారం సాదాగా, ఎవరైనా ఇంటిలో చేసుకోగలిగేటట్లు ఉండాలి. ఖర్చు తక్కువ కాబట్టి చాలామంది వచ్చారు. కొంతకాలానికి అందులోనూ శక్తిమంతమైన ఇంజన్లు ప్రవేశించాయి. అప్పుడు ఆ తరగతిని ఇంజన్ల శక్తిని బట్టి విభజించి, సాధారణమైన ఇంజన్లవారికి విడిగా చోటు కల్పించారు. ఇటీవలి కాలంలో కొన్నిచోట్ల అందరికీ ఒకే విధమైన విద్యుత్ మోటారు నిర్ణయించి పోటీలు పెడుతున్నారు. రోగం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది, మందు మళ్ళీ మళ్ళీ ఇస్తూనే ఉండాలి.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, అది తేలికగా తోసివేయదగినదీ కాదు. ‘హద్దులు పెడితే విజ్ఞానం పెరగదు. తెలివి గలవాని చేతులు కట్టివేసి, తెలివి లేనివానితో సమానం చేయడం న్యాయమా?’ అని కొందరు అడుగుతారు. వేగానికి గరిష్ఠస్థాయి వెదికేవారికి వేరే తరగతులు ఉన్నాయి, ఉండాలి కూడా. ఎఫ్3డి వంటివి వారికోసమే. అయితే ఆ ఉన్నత తరగతిలోనూ ఇంజన్ పరిమాణానికి హద్దు ఉన్నది, అందరి ఇంధనమూ ఒక్కటే. హద్దు లేని పోటీ ఎక్కడా లేదు, హద్దు ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న. క్లబ్బు మైదానంలో ఆ గీతను చివర నిలిచినవానిని చూసి గీయాలని నా వాదం. మొదటివాడు ఎలాగూ మళ్ళీ వస్తాడు. చివరివాడు వచ్చే నెల తిరిగి వస్తాడా, రాడా అన్నదానిమీదనే ఆ క్లబ్బు ఆయుష్షు ఆధారపడి ఉన్నది. పోటీదారు లేనివాడు గెలవడం అసాధ్యం. అందుచేత తోటివానిని నిలుపుకోవడం దయాగుణం మాత్రమే కాదు, తన ఆటను తాను కాపాడుకోవడం.

ఒకప్పుడు ఈ సత్యం మరింత స్పష్టంగా కనిపించేది. రేడియో పౌనఃపున్యాలు పరిమితంగా ఉన్న ఆ రోజులలో, ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు మీట నొక్కితే రెండవవాని విమానం ఆకాశంలోనే అదుపు తప్పేది. అందువల్ల మైదానంలో ఒక పలక ఉండేది. దానిమీది బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే వారే ఆ పౌనఃపున్యం వాడాలి. 2000 దశకం ద్వితీయార్ధంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పరికరాలు వ్యాపించి ఆ చిక్కును చాలవరకు తొలగించాయి. బిళ్ళ అవసరం తీరింది గాని, అది నేర్పిన మర్యాద అవసరం తీరలేదు. ఈనాడు మైదానమే అరుదైన వస్తువు అవుతున్నది. ఊళ్ళు పెరిగి ఇళ్ళు దగ్గరవుతున్నకొద్దీ శబ్దం మీద ఫిర్యాదులు వస్తాయి. ప్రభుత్వాల నిబంధనలూ పెరిగాయి. ఎగిరే విమానం తన గుర్తింపును తానే ప్రకటించాలన్న నిబంధన అమెరికాలో 2024 మార్చి నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ప్రభుత్వం గుర్తించిన మైదానాల హద్దులలో మాత్రం మినహాయింపు ఉన్నది. అంటే క్రమశిక్షణతో నడిచిన క్లబ్బుకు ఆ క్రమశిక్షణే రక్షణ అయింది. క్లీవ్‌లాండ్ దుర్ఘటన గుర్తున్నవారు ఇటువంటి నియమాలను విసుక్కోరు.

ఇదంతా మనకెందుకని విద్యార్థులు అనుకోవచ్చు. ఈ విమానాల ఇంధనంలో మిథనాల్‌తో పాటు కలిపే కందెనలలో ఆముదం ముఖ్యమైనది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాలకూ అదే కందెన. మన పాలమూరు, నల్లగొండ మెట్టపొలాలలో పండే ఆముదానికి ఆకాశంలోనూ పని ఉన్నదన్నమాట. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు నమూనా విమానాల నిర్మాణం శిక్షణలో భాగమే. 2021 నాటి డ్రోన్ నియమావళి మన దేశంలో విద్య, పరిశోధన, వినోదాల కోసం ఎగురవేసే నమూనా విమానాలను ప్రత్యేకంగా గుర్తించింది. కావలసినవి ఒక మైదానం, ఒక గురువు, నిదానంగా మొదలుపెట్టే ఓపిక. కళాశాలలు తలచుకొంటే ఇవి దొరకనివి కావు.

అంతకంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ర్యాంకుల పందెంలో మీరంతా పరుగెడుతున్నారు. ఆ పరుగు తప్పని నేననను. కాని మీ పందెంలో జెండా పట్టుకొనే వంతు మీకు ఎప్పుడైనా వస్తున్నదా? పక్కవానికి పాఠం అర్థం కానప్పుడు సరియైన క్షణాన సరియైన మాట చెప్పే సారథ్యం మీరు వహిస్తున్నారా? వెనుకబడినవాడు రేపు తిరిగి తరగతికి రావాలని కోరుకొంటున్నారా? తన పరుగు ముగియగానే శిరస్త్రాణం తీయకుండా ఎండలో దూరపు స్తంభం వద్దకు నడిచిపోయి, పోటీదారుని విమానం కోసం జెండా ఎత్తి నిలిచేవానికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు. అతని వేగాన్ని మెచ్చుకోవడం సులభం. ఆ నడకను అలవరచుకోవడమే మనకు ఎక్కువ అవసరం.