ఢిల్లీ ఇంజిన్‌ను కొలిచింది, బండిని కొలవలేదు

ఉదయం తొమ్మిదింటికి తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్‌లో ఏదైనా గల్లీ చివర నిలబడి చూడండి. రెండు వైపులా కార్లు ఆగి ఉంటాయి. మిగిలిన కాస్త దారిలోనే ఈ-రిక్షా, కూరగాయల బండి, బడికెళ్లే పిల్లలు. అందులోకి ఐదు మీటర్లు దాటిన పికప్ ఒకటి వస్తుంది. లోపల ఉండేది ఒక్కరు. వెనక తొట్టి ఖాళీ. అది బయటపడేదాకా మిగతావాళ్లంతా పక్కకు ఒదగాల్సిందే.

సరుకు మోయడానికో, కొండదారులు ఎక్కడానికో తయారైన వాహనం రోజూ ఆఫీసుకు, కిరాణా కొట్టుకు తిరిగే కారుగా మారడం దేశ రాజధాని ప్రాంతంలో ఇప్పుడు మామూలైపోయింది. అలా తిరగడం తప్పా ఒప్పా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఆ బండి ఆక్రమించే చోటుకు, పక్కవారికి తెచ్చే ప్రమాదానికి ధర ఎవరు కడుతున్నారన్నదే ప్రశ్న.

జోడు టైర్ల బండి ఎందుకు పుట్టింది?

ఈ ధోరణికి కొస అమెరికాలో కనిపిస్తుంది. అక్కడ ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500 వంటి పికప్‌లు కొన్ని వెనక ఇరుసుకు అటు రెండు, ఇటు రెండు టైర్లతో వస్తాయి. మన దగ్గర టాటా 407కు ఉన్న అమరికే అది. గుర్రాల ట్రైలర్‌నో, చక్రాల మీది ఇంటినో లాగేటప్పుడు బరువు నాలుగు టైర్ల మీద పడుతుంది. బండి పక్కలకు ఊగదు. ఒక టైరు పేలినా పక్కది కాస్తుంది.

అదే బండిని ఖాళీగా ఊళ్లో తిప్పితే లాభాలన్నీ నష్టాలవుతాయి. బరువు లేకపోతే వెనక స్ప్రింగులు ఎగరేస్తాయి. మార్చాల్సిన టైర్లు ఆరు. వెడల్పు దాదాపు 2.4 మీటర్లు. పెద్ద క్యాబిన్, పొడవు తొట్టి ఉన్న రకాలు 6.5 మీటర్లు కూడా దాటతాయి.

ఎడమవైపు స్టీరింగ్ ఉన్న వాహనాల దిగుమతికి మామూలుగా అనుమతి లేదు కాబట్టి ఈ జోడు టైర్ల పికప్‌లు మన రోడ్లపై అరుదు. ఎన్‌సీఆర్‌లో వాటికి దగ్గరి బంధువులు 2022లో ఇక్కడికి వచ్చిన టయోటా హైలక్స్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్. వాటి వెనక ఫార్చ్యూనర్లు, స్కార్పియోల పెద్ద సైన్యం ఉంది. వాహన తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో 65 శాతం ఎస్‌యూవీలు, ఎంపీవీలతో కూడిన యుటిలిటీ వాహనాలే.

8 నెలల నిషేధం, ఒక చిన్న ఉపాయం

పెద్ద బండ్లను ఢిల్లీ అసలు పట్టించుకోలేదని అనలేం. 2015 డిసెంబరు 16న సుప్రీంకోర్టు ఢిల్లీ-ఎన్‌సీఆర్‌లో 2000 సీసీ, ఆపై డీజిల్ ఇంజిన్లున్న ప్రైవేటు కార్లు, ఎస్‌యూవీల రిజిస్ట్రేషన్‌ను నిలిపేసింది. ఎంసీ మెహతా 1985లో వేసిన కాలుష్యం కేసులో ఇచ్చిన ఉత్తర్వు అది.

నెల తిరిగేసరికి మహీంద్రా 1.99 లీటర్ల డీజిల్ ఇంజిన్‌తో స్కార్పియో, ఎక్స్‌యూవీ 500లను తెచ్చింది. బండి పొడవు తగ్గలేదు, వెడల్పు తగ్గలేదు. ఇంజిన్ మాత్రం గీతకు ఇవతలికి జరిగింది. టయోటా ఇన్నోవా క్రిస్టాలో పెట్రోల్ ఇంజిన్ పెట్టింది. కంపెనీలను తప్పుపట్టాల్సిన పని లేదు. గీత ఎక్కడ గీస్తే అక్కడ ఆగాయి. 2016 ఆగస్టు 12న కోర్టు నిషేధం ఎత్తేసి, ఆ వాహనాల ఎక్స్-షోరూమ్ ధరపై 1 శాతం పర్యావరణ రుసుము విధించింది. అంటే 30 లక్షల బండికి 30 వేలు. ఆ స్థాయి కొనుగోలుదారుకు అదొక లెక్క కాదు.

ఆ తర్వాత చర్చంతా వయసు మీదకు మళ్లింది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదన్నారు. 2025 జులై 1 నుంచి వాటికి బంకుల్లో ఇంధనం పోయొద్దన్నారు. జనం మండిపడటంతో రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. యజమానులపై కఠిన చర్యలు వద్దని అదే ఏడాది ఆగస్టు 12న చెప్పిన సుప్రీంకోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

ఇందులో ఒక అన్యాయం దాగి ఉంది. రిటైరైన ఉద్యోగి వారానికి రెండుసార్లు తీసే పాత ఆల్టోకు గండం. నిన్న షోరూమ్ నుంచి దిగిన రెండు టన్నుల బండికి అడ్డే లేదు. పొగ వరకే చూస్తే ఈ తేడాకు కారణం చెప్పొచ్చు. చోటు, ప్రమాదం చూస్తే చెప్పలేం.

నేల లెక్క

పార్కింగ్‌లో ఒక కారుకు సాధారణంగా గీసే గడి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. 5.3 మీటర్ల హైలక్స్ అందులో పెడితే ముక్కో తోకో బయటే. ఆల్టో కె10 కప్పే నేల దాదాపు 5.3 చదరపు మీటర్లయితే హైలక్స్‌ది 9.9. అమెరికా జోడు టైర్ల బండిది 16. మూడు ఆల్టోల చోటు ఒక్కటే తింటుంది. ఇళ్ల ముందు వీధిలో ఆగినంతసేపూ అందరూ కట్టేది మాత్రం ఒకటే. చాలాచోట్ల అది సున్నా.

లైసెన్సుదీ ఇదే కథ. మొత్తం బరువు 7,500 కిలోలు మించనంతవరకు తేలికపాటి వాహన లైసెన్సు చాలు. సరుకుతో కలిపి ఆరు టన్నులు దాటే జోడు టైర్ల పికప్ కూడా ఆ పరిధిలోకే వస్తుంది. ఆల్టో నడిపేవారికి, దానికి వేరే పరీక్ష లేదు.

ప్రమాదం సంగతికొస్తే, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు ఢీకొన్నప్పుడు, 30 అంగుళాలకు మించని వాలు బానెట్ కార్లతో పోలిస్తే, నడిచి వెళ్లేవారు చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని అమెరికాలోని ఐఐహెచ్ఎస్ 2023లో తేల్చింది. ఢిల్లీ రోడ్లపై చనిపోతున్నవారిలో ఎక్కువమంది పాదచారులు, ద్విచక్ర వాహనదారులే. వారికి ఈ లెక్క చిన్నది కాదు.

కొనేవారి మాట

పెద్ద బండి కొన్నవారంతా దర్పం కోసమే కొన్నారనడం సరికాదు. ఒక్క గట్టి వాన పడితే మింటో బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి, గురుగ్రామ్‌లో హీరో హోండా చౌక్ చెరువవుతుంది. గుంతలు, అడ్డదిడ్డంగా వచ్చే లారీలు, రాత్రి ప్రయాణాలు. ఎత్తులో కూర్చుంటే భద్రంగా ఉంటామన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. కానీ ఆ భద్రత ఎదుటివారి ఖర్చుతో వస్తోంది. పక్కవాడు పెద్ద బండి కొంటే చిన్న కారులో ఉన్నవారికి భయం పెరుగుతుంది. తర్వాతిసారి వారూ పెద్దదే కొంటారు. రోడ్డు మాత్రం పెరగదు.

పొడవుతో గీత గీస్తే

ఏం చేయొచ్చో మనకు తెలియనిదీ కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు పన్ను తగ్గించారు. నాలుగు మీటర్లు దాటే మారుతి డిజైర్ 2012లో డిక్కీ కోసుకుని ఆ హద్దులోకి వచ్చేసింది. పొడవుకు ధర కడితే పొడవు తగ్గుతుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అయితే ఆ గీత దాటాక మరో మెట్టు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీలో చిన్న పెట్రోల్, డీజిల్ కార్లకు 18 శాతం, వాటికి మించినవాటికి 40 శాతం. 4.2 మీటర్ల కారుకూ, 4.8 మీటర్ల ఎస్‌యూవీకీ ఒకే రేటు.

పారిస్ మరో దారి పట్టింది. 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయం అడిగి, అక్టోబరు నుంచి 1.6 టన్నులు దాటిన బయటి కార్లకు నగర మధ్యభాగంలో పార్కింగ్ గంటకు 18 యూరోలు చేసింది. విద్యుత్ కార్లకు హద్దు 2 టన్నులు. ఓటేసింది 6 శాతంలోపే, అనుకూలంగా 54 శాతం పైన. అంటే అక్కడా ఇది సులభమైన నిర్ణయమేమీ కాదు.

ఢిల్లీకి సొంత పార్కింగ్ నియమాలు 2019 నుంచే ఉన్నాయి. వాటిలో బండి పొడవు, బరువును బట్టి రుసుము చేర్చడానికి కొత్త కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, రాజకీయ ధైర్యం కావాలి. పొలానికో, వ్యాపారానికో నిజంగా సరుకు మోసేవారికి మినహాయింపు ఇవ్వొచ్చు. ఖాళీ తొట్టితో తిరిగేవారు ఆ చోటుకు ధర కట్టొచ్చు.

పదేళ్లుగా పొగగొట్టం వైపే చూసిన నగరం ఇప్పటికైనా టేపు పట్టుకోవాలి. హైదరాబాద్, విజయవాడలు ఇంకా ముందే పట్టుకుంటే మంచిది. అమీర్‌పేట గల్లీలు మయూర్ విహార్ గల్లీల కన్నా వెడల్పేమీ కాదు.