ముందు బడి చెవికి వైద్యం

తాండూరు చుట్టుపక్కల మా తండాల పిల్లలు ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతారు. అంగన్‌వాడీలో తెలుగు, బజారులో ఉర్దూ, కన్నడ వింటారు. 2022 నుంచి సర్కారు బడిలో ఇంగ్లిష్ మీడియం. అక్కడ పిల్లవాడి మాట తడబడితే "వీడికి నత్తి" అంటాం. లేదంటే "తండా పిల్లలింతే" అని వదిలేస్తాం. గిరిజన టీచర్లమై ఉండి మేమూ ఈ రెండు తప్పులూ చేశాం.

కొత్త భాషలో మాట వెతుక్కునే పిల్లవాడు ఆగుతాడు, వేరే మాట అందుకుంటాడు. యాడీతో మాత్రం గలగలా మాట్లాడతాడు. నత్తి ఉన్నవాడు "పా...పా...పాణి" అంటూ మొదటి శబ్దం దగ్గరే చిక్కుకుంటాడు, పెదవులు బిగుసుకుంటాయి. మామూలుగా అది ఇంటి భాషలోనూ కనిపిస్తుంది. మరి తెలుగు ఒక్కటే విని తీర్పు చెప్పే హక్కు మనకెవరిచ్చారు?

ఆదివాసుల నోటి మీద ఇలాంటి తీర్పులు కొత్త కాదు. అమెరికాలోని బానక్, షోషోని ఆదివాసుల భాషలో నత్తికి మాటే లేదని, వాళ్లకు నత్తి రాదని వెండెల్ జాన్సన్ అనే పండితుడు 1944లో ప్రచారం చేశాడు. 1983లో వేరే పరిశోధకులు తేల్చింది వేరు: మాటలూ ఉన్నాయి, నత్తి ఉన్నవాళ్లూ ఉన్నారు.

నత్తికి జాతి లేదు. వందలో దాదాపు ఐదుగురు పిల్లలకు, ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. చాలామందికి తగ్గిపోతుంది. ఎవరికి తగ్గుతుందో ముందే చెప్పలేం, కాబట్టి నెలలు గడిచినా తగ్గకపోతే చూపించాలి. రెండు భాషలు మాట్లాడినందుకు నత్తి రాదు. వస అరగదీసి నాకించమనడం ఎంత మూఢత్వమో, "ఇంట్లో లంబాడీ మానేయండి" అని తల్లిని గద్దించడమూ అంతే మూఢత్వం.

ఆస్ట్రేలియాలో పుట్టిన లిడ్‌కోంబ్ పద్ధతిలో స్పీచ్ థెరపిస్టు నేర్పితే తల్లిదండ్రులే ఇంట్లో రోజూ సాధన చేయిస్తారు. సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకుంటారు. మన యాడీ ఏ భాషలో మెచ్చుకోవాలి? తనకు రాని తెలుగులోనా?

అంగన్‌వాడీకి, బడికి వచ్చే బాల స్వాస్థ్య బృందాలు పిల్లవాడిని ఇంటి భాషలోనే పరీక్షించాలి. గోర్‌బోలి తెలిసిన మనిషిని వెంట తెచ్చుకోవాలి. తండా యువకులారా, 1965 నుంచి మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ఆ చదువులోకి మీరు వెళ్లండి.

టీచర్లారా, రేపటి నుంచే ఒక పని చేద్దాం. పిల్లవాడు మాట ముగించేదాకా ఆగుదాం. మధ్యలో అందించొద్దు, నవ్వేవాళ్లను నవ్వనివ్వొద్దు. దీనికి ఏ జీవో అక్కర్లేదు.