అక్షరానికొక సంఖ్య, యంత్రానికొక చిరునామా



తెలుగు పండితుడికి రౌటరుతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. పని ఉన్నదనే నా వాదం. యూనికోడు తెలుగు కోసం ఒకప్పుడు పడరాని పాట్లు పడినవాళ్ళం మనం. ఐపీవీ6 అనే క్రొత్త చిరునామా పద్ధతి మనకు అర్థమైనంత సులువుగా మరెవ్వరికీ అర్థం కాదు. కనుక ఏదో ఇబ్బంది వచ్చిందని రౌటరులో దానిని ఆపివేసేవారి జాబితాలో మనం చేరకూడదు. దాని భాష కొంత నేర్చుకొని, మన ఇంటి దారులు మనమే వ్రాసుకోవాలి. ఈ టపాలో చెప్పదలచినది ఇంతే. ఎందుకో మనవి చేస్తాను.

యూనికోడుకు ముందటి కాలం మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క ఖతి. ఒకే సంఖ్య ఒక ఖతిలో కకారమైతే, మరొక ఖతిలో కొమ్మో దీర్ఘమో అయ్యేది. ఆ ఖతి మన కంప్యూటరులో లేకపోతే తెరమీద కనిపించేవి పిచ్చిగీతలే. దీనికి మూలకారణం చోటు చాలకపోవడం. ఎనిమిది బిట్లకు 256 స్థానాలే ఉంటాయి. అందులో సగం ఇంగ్లీషుకు పోగా, మిగిలిన సగంలో ఎవరికి తోచినట్లు వారు తెలుగును సర్దుకున్నారు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల గది ఒకటి ఏర్పడింది. అప్పటి నుండి అకారానికి ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్య ప్రపంచంలో మరే అక్షరానిదీ కాదు. ఆ పద్ధతి ఊరూరా పాకేలోగా, పాత ఖతులను యూనికోడులోకి మార్చి చూపించే 'పద్మ' వంటి ఉపకరణాలు మనకెంతో మేలు చేశాయి. అయినా ఆ మార్పిడియే మన గమ్యమని ఎవ్వరమూ అనుకోలేదు.

సరిగ్గా ఇదే కథ అంతర్జాల చిరునామాల విషయంలోనూ జరిగింది. మనమంతా మొదట ఎరిగిన ఐపీవీ4 చిరునామా 32 బిట్లది. మొత్తం కలిపితే 429 కోట్ల పైచిలుకు. 1981లో ఆ నిర్దేశం వ్రాసుకున్న నాటికి అది మహాసముద్రమే. కాని 2011 ఫిబ్రవరి 3న ఈ చిరునామాల ప్రపంచ భాండారమైన ఐయానా తన దగ్గర మిగిలిన చివరి భాగాలను పంచివేసింది. అదే ఏడాది ఏప్రిల్ 15న ఆసియా-పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఏప్‌నిక్ కూడా చివరి భాగానికి వచ్చి, కొలిచి కొలిచి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఈ కొరతను దాటడానికి వచ్చినదే నాట్ అనే ఉపాయం. దాని వివరణ 1994లోనే వెలువడింది. ఇంటి లోపలి యంత్రాలకు ఎవరైనా వాడుకోదగిన ఉమ్మడి సంఖ్యలు ఇచ్చి, ఇల్లు దాటేటప్పుడు రౌటరు వాటిని బయటి సంఖ్యలోకి మారుస్తుంది. అందుకే 192.168.1.1 అనే చిరునామా మా ఇంట్లోనూ ఉంది, మీ ఇంట్లోనూ ఉంది, లెక్కలేనన్ని ఇళ్ళలోనూ ఉంది. ఒకే సంఖ్య పది ఖతుల్లో పది అక్షరాలైనట్లు! 'పద్మ' అక్షరాలకు చేసిన సేవను నాట్ చిరునామాలకు చేస్తున్నది. ఆపత్కాలంలో అది గొప్ప సేవే, కాదనను. కాని లోపలివాడు బయటికి పోగలడే తప్ప, బయటివాడు లోపలి యంత్రాన్ని పేరుపెట్టి పిలవలేడు. చాలాచోట్ల కనెక్షను ఇచ్చే సంస్థ కూడా తన వంతుగా మరొక నాట్ పెట్టి, వందల ఇళ్ళను ఒకే చిరునామా చాటున కూర్చోబెడుతున్నది. ఇక ఆ ఇంటికి సొంత చిరునామా ఉన్నదనడం ఎట్లా?

ఐపీవీ6 చిరునామా 128 బిట్లది. మొత్తం చిరునామాలను లెక్కిస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది. తొలి నిర్దేశం 1995 డిసెంబరులో వెలువడింది. 1998లో సవరింపబడి, 2017 జూలైలో పూర్తి ప్రమాణమైంది. 2012 జూన్ 6న ప్రపంచంలోని పెద్ద సంస్థలు కలిసి దానిని శాశ్వతంగా వాడుకలో పెట్టాయి. మన దేశంలో టెలికాం శాఖ 2010 జూలైలోనే దీనికొక మార్గసూచిని ప్రకటించింది. 2016 తర్వాత 4జీ ఫోన్లతోపాటు ఇది ఇల్లిల్లూ చేరి, నేడు ఈ వాడుకలో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశాలలో మనదొకటి. మీ చేతిలోని ఫోనుకు బహుశః ఇప్పటికే ఇటువంటి చిరునామా ఒకటి ఉండి ఉంటుంది.

ఈ చిరునామా వ్రాసే తీరు చూచినప్పుడు నాలోని వ్యాకరణం మాస్టారుకు ప్రాణం లేచివచ్చింది. నాలుగేసి స్థానాల గుంపులు ఎనిమిది, మధ్య మధ్య రెండు చుక్కలు. సున్న నుండి తొమ్మిది దాకా అంకెలు, ఆ పైన ఏ నుండి ఎఫ్ దాకా అక్షరాలు. ఉదాహరణకు 2001:0డిబి8:0000:0010:0000:0000:0000:0001. (ఆ అక్షరాలను ఇక్కడ తెలుగులో చూపుతున్నాను. 2001:డిబి8తో మొదలయ్యేవి 2004 నుండి పుస్తకాలలో ఉదాహరణలకే కేటాయించినవి, మన వ్యాకరణ పుస్తకాలలో రాముడి వలె.) గుంపు మొదట్లో ఉన్న సున్నలకు లోపం వస్తుంది. వరుసగా వచ్చిన సున్నల గుంపులన్నీ లోపించి, వాటి చోట రెండు చుక్కల జంట ఆదేశంగా వస్తుంది. పై చిరునామా ఇప్పుడు 2001:డిబి8:0:10::1 అవుతుంది. ఆ జంట ఒక చిరునామాలో ఒక్కసారే రావాలి. రెండుచోట్ల వస్తే ఎక్కడ ఎన్ని సున్నలు లోపించాయో తేల్చలేం. ఇన్ని విధాల కుదించడానికి వీలుంది కనుక, అందరూ ఒకే రూపం వ్రాయాలని 2010లో మరొక నియమం చేశారు. లోపం, ఆదేశం, సందేహ నివారణ. ఇది వ్యాకరణం కాక మరేమిటి?

ఇక దారుల సంగతి. మా ఇంట్లో క్రింద ఒక రౌటరు, మేడమీద నా పుస్తకాల గదిలో మరొకటి ఉన్నాయి. కనెక్షను ఇచ్చినవారు క్రింది రౌటరుకు 56 బిట్ల ఉపసర్గ ఇస్తారు (ప్రిఫిక్సుకు ఇంతకన్న మంచి మాట నాకు దొరకలేదు). అంటే మొదటి 56 బిట్లు వారివి, తరువాతి 8 బిట్లు మనవి. ఆ ఎనిమిదితో 64 బిట్ల ఉపసర్గలున్న 256 వాడలు మన ఇంట్లోనే ఏర్పరచుకోవచ్చు. క్రింది వాడకు 2001:డిబి8:0:10::/64 అనీ, పై వాడకు 2001:డిబి8:0:20::/64 అనీ పెట్టుకుందాం. క్రింది రౌటరు 2001:డిబి8:0:10::1. పై రౌటరుకు క్రింది వాడలో ఉన్న కాలు 2001:డిబి8:0:10::2.

వ్రాయవలసిన వాక్యాలు రెండే. పై రౌటరులో: "ఎక్కడికి పోవలసినదైనా 2001:డిబి8:0:10::1కు అప్పగించు." ఈ 'ఎక్కడికైనా' అన్నదాన్ని ::/0 అని వ్రాస్తారు. క్రింది రౌటరులో: "2001:డిబి8:0:20::/64కు పోవలసినది 2001:డిబి8:0:10::2కు అప్పగించు." ఇటువంటి వాక్యాన్ని స్టాటిక్ రూటు అంటారు. స్థిరమార్గం అందాం. రౌటర్లు తమలో తాము మాట్లాడుకొని నేర్చుకున్న దారి కాదిది, మనిషి చేతితో వ్రాసి ఇచ్చిన దారి. గమ్యం, తర్వాతి మజిలీ అనే రెండు మాటలు చాలు. దారి మొత్తం ఎవరికీ తెలియనక్కరలేదు. ప్రతి రౌటరుకూ తన తర్వాతి మజిలీ తెలిస్తే పని జరుగుతుంది.

మొదటి వాక్యం మాత్రమే వ్రాసిన తరువాత మా మేనల్లుడు పరీక్షించి, "మావయ్యా, మన ఉత్తరం చేరుతోంది గాని జాబు తిరిగి రావడం లేదు" అన్నాడు. స్థిరమార్గపు కీలకమంతా ఆ మాటలో ఉంది. పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. రెండూ వ్రాయాలి. నాట్ ఉన్నచోట ఈ రెండో వాక్యం లేకుండానే పని జరిగిపోతుంది, ఎందుకంటే లోపలి యంత్రం ఊరూ పేరూ బయటికి తెలియవు. సొంత చిరునామా ఉన్నవాడికి తిరుగుదారి కూడా ఉండాలి. అది భారం కాదు, గౌరవం.

మరొక రెండు మెలకువలు. కొన్ని రౌటర్లలో ఐపీవీ6 ప్యాకెట్లను ఒకవైపు నుండి మరొకవైపుకు పంపే పని మొదట్లో ఆపివేసి ఉంటుంది. సిస్కో రౌటరులో 'ఐపీవీ6 యూనికాస్ట్-రౌటింగ్' అనే ఆజ్ఞ ఇచ్చిన తరువాతే దారులు పనిచేస్తాయి. రెండవది, ఎఫ్‌ఈ80తో మొదలయ్యే చిరునామాలు ఆ తీగ మేరకే చెల్లుతాయి. వాటిని తర్వాతి మజిలీగా వ్రాస్తే ఏ తీగ మీదిదో కూడా చెప్పాలి. ప్రతి ఊళ్ళోనూ ఒక మెయిన్ రోడ్డు ఉంటుంది కదా, ఊరి పేరు చెప్పకపోతే బండివాడు ఎక్కడికి తోలుతాడు?

మరి ఒకే గమ్యానికి రెండు వాక్యాలు వర్తిస్తే? ::/0 అన్నిటికీ వర్తిస్తుంది, పై వాడ చిరునామాలకు కూడా. అప్పుడు ఎక్కువ బిట్లు సరిపోయిన వాక్యమే నెగ్గుతుంది. 64 బిట్లు సరిపోయినదాని ముందు సున్న బిట్లది నిలవదు. సంస్కృత వ్యాకరణం చదివినవారు దీనిని ఇట్టే పోల్చుకుంటారు. సామాన్యసూత్రం ఉత్సర్గం, విశేషసూత్రం అపవాదం. అపవాదం ఉన్నచోట ఉత్సర్గం తప్పుకుంటుంది, లేనిచోట ఉత్సర్గమే శరణ్యం. శాస్త్రకారులు సూత్రాలకు చేసుకున్న ఏర్పాటే రౌటర్లకూ పనికివచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఎక్కువ చెప్పకుండా తికమక లేకుండా చెప్పాలనుకున్నవారు ఎవరైనా ఆ దారికే వస్తారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక నా అసలు ఫిర్యాదు. ఒకరోజు కరెంటు పోయి వచ్చేసరికి మా ఉపసర్గ మారిపోయింది! మేము వ్రాసుకున్న స్థిరమార్గాలన్నీ లేని వాడలకు దారి చూపుతూ నిలబడ్డాయి. కనెక్షను ఇచ్చిన సంస్థకు ఫోను చేస్తే, అవతలి అబ్బాయి మర్యాదగానే "ఐపీవీ6 ఆఫ్ చేసెయ్యండి సార్, అన్నీ పనిచేస్తాయి" అన్నాడు. తెలుగు సరిగా కనిపించడం లేదంటే ఇంగ్లీషులో వ్రాసుకోండి అన్నట్లుంది ఇది. ఆ అబ్బాయిని అనను, అతనికి నేర్పినది అంతే. కాని చిరునామాలు కరవైన కాలంలో పుట్టిన అలవాటును, 39 అంకెల సంపద చేతిలో ఉన్నప్పుడు కూడా పట్టుకు వేలాడడం ఏమి న్యాయం? యూరపు ప్రాంతపు చిరునామాల సంఘం రైప్ 2017లోనే ఇళ్ళకు మారని ఉపసర్గ ఇవ్వడం మేలనీ, 56 బిట్లకన్న పొడవైనది ఇవ్వవద్దనీ సలహా పత్రం వెలువరించింది. మన సంస్థలు కూడా ఆ మాట వినాలి. అంతవరకు ఇంటి లోపలి పనులకు ఎఫ్‌డీతో మొదలయ్యే సొంత ఉపసర్గను కూడా పెట్టుకోవచ్చు. దానికి ఇంటి బయట చెల్లుబాటు లేదు గాని, ఎవరూ దానిని మార్చలేరు.

ఆక్షేపణలు లేకపోలేదు. నాట్ పోతే ఇల్లు బట్టబయలు కాదా అంటారు. నాట్ తెర మాత్రమే. కంచె పని చేసేది ఫైర్‌వాల్. బయటివాడు తనంతట తాను లోపలికి రాకుండా ఐపీవీ6లో కూడా అది ఆపుతుంది, ఆపేటట్లు పెట్టుకోవాలి. అయితే భయపడి ఐసీఎంపీవీ6 మొత్తాన్ని మూసివేయరాదు. పొరుగు యంత్రాన్ని కనుగొనడం, ప్యాకెట్టు పెద్దదైనదని తెలియజేయడం దాని ద్వారానే జరుగుతాయి. చిరునామా జ్ఞాపకం ఉండదంటారు. నిజమే. మన అక్షరాల యూనికోడు సంఖ్యలు మాత్రం ఎవరికి జ్ఞాపకం? వాటిని కంఠస్థం చేయకుండానే ఇన్నేళ్ళూ తెలుగు వ్రాశాం.

చివరగా, ఇందులో మనకు పోయేదేమిటి? మనం వ్రాసుకున్నవన్నీ పరుల చావడిలో దాచుకున్నవి. జియోసిటీస్ 2009లో మూతపడింది, ఆర్కుట్ 2014లో మూతపడింది. వాటితోపాటు ఎన్ని తెలుగు మాటలు పోయాయో! ఉచితంగా చోటిచ్చినవారిని నిందించడం కృతఘ్నత, నేనూ ఆ నీడలోనే ఉన్నాను. కాని ఇంట్లో ఒక చిన్న యంత్రంలో మన వ్రాతల ప్రతిని ఉంచి, దానికి లోకం పిలువగల చిరునామా ఇచ్చి, చేరే దారి మనమే వ్రాయగల అవకాశం మూడు దశాబ్దాల తరువాత చేతికి అందింది. మారని ఉపసర్గ ఇవ్వమని మీ సంస్థను అడగండి. రౌటరు కొనేటప్పుడు ఐపీవీ6 స్థిరమార్గాలు వ్రాసే వీలున్నదా అని అడగండి. తెలిసినవారు ఈ సంగతులు తెలుగులో వ్రాయండి. మన అక్షరాలకు సొంత సంఖ్య కావాలని పట్టుబట్టి సాధించుకున్నాం. ఆ అక్షరాలు నివసించే ఇంటికి సొంత చిరునామా అక్కరలేదని ఎట్లా అనగలం?